న్యూకాసిల్ అదృష్టం

“బింగో మళ్ళీ న్యూకాసిల్‌కే పోయింది!” కెల్సీ ఫోన్‌ను గుండెకు ఆనించుకుని నిట్టూర్చింది. “పొద్దుట్నుంచీ ఇది నాలుగోసారి. మన సండర్లాండ్‌కి అదృష్టం రాసిపెట్టి లేదు నాన్నా.”

ఆసుపత్రి మంచం మీద విల్ఫ్ కళ్ళు మాత్రం కూతురి వైపు తిరిగాయి. పక్షవాతం వచ్చి ఏడు వారాలు. కుడిచెయ్యి కొంచెం కదులుతోంది గానీ గొంతు రాలేదు. ముప్పై ఏళ్ళు సముద్రపు ఒడ్డున బింగో హాల్లో మైకు పట్టుకుని, జనం తమ చీటీల్లో కొట్టేసుకునే అంకెలు పిలిచిన మనిషి. ఎనభై ఎనిమిది వస్తే, 88 ఆకారం చూసి “ఇద్దరు బొద్దమ్మలు” అని పాడేవాడు. పదకొండు వస్తే “చక్కని కాళ్ళు పదకొండు” అనేవాడు, హాలంతా ఈల వేసేది.

డాక్టరు సోమవారమే తేల్చి చెప్పేశాడు. “నువ్వు పనికి పోతే పగలంతా ఆయనొక్కడే కదమ్మా. పడిపోతే కేక వెయ్యాలా వద్దా? శుక్రవారంలోగా ఒక్క మాటైనా రాకపోతే సంరక్షణ గృహానికి పంపక తప్పదు.”

ఇవాళ శుక్రవారం. కెల్సీ ఒక చేత్తో తన పసిపిల్ల ఉన్న బండిని ఊపుతోంది. రెండో చేతిలో ఫోన్. గోళ్ళన్నీ ఎప్పుడో కొరికేసింది.

నర్సు బ్రాన్వెన్‌కు ఒళ్ళు మండింది. “తండ్రి ఈ స్థితిలో ఉంటే నీకు ఆట ఎలా ఆడబుద్ధవుతోంది తల్లీ?”

“ఇంకొక్క ఆట, సిస్టర్.”

“నాలుగు రోజుల్నుంచీ ఆ ఒక్క ఆటే వింటున్నాను.”

“ఆడుకోనివ్వమ్మా” అన్నాడు పక్క మంచం మీది నార్మన్, పేపర్ ఊపుతూ. “ఇదిగో, వేశారు. ఫోన్లో బింగో ఆడి గెలిచేవాళ్ళలో మన ఈశాన్య ఇంగ్లండ్ వాళ్ళే ఫస్టు. మీ వేల్స్ వాళ్ళు ఆఖరు.”

బ్రాన్వెన్ పేపర్ లాక్కుని చూసింది. కోపం పోయి వింతగా అనిపించిందామెకు. “అంకెలు అందరికీ ఒకటే, యంత్రం ఒకటే. ఊరు మారితే అదృష్టం ఎలా మారుతుంది?”

“వానమ్మా, వాన! బయటికి పోలేక ఇంట్లో కూర్చుంటారు. ఎక్కువ ఆడతారు, ఎక్కువ గెలుస్తారు.”

“అలాగైతే దేశం మొత్తాన్ని మా స్వాన్సీయే గెలిచేసుండాలి. మా ఊళ్ళో పిల్లలు గొడుగుతోనే పుడతారు.”

కెల్సీ తల అడ్డంగా ఊపింది. “ఈశాన్యం అంటే మనమని మురిసిపోకండి. గెలిచేదంతా న్యూకాసిల్ వాళ్ళే. నిండా పన్నెండు మైళ్ళు లేదు, అదృష్టం ఒక్క అడుగు ఇటు వెయ్యదు.”

“మరేమనుకున్నావ్, నేను పుట్టిన ఊరు!” నార్మన్ దిండు మీద లేచి కూర్చున్నాడు. “ఏరా విల్ఫ్, మీ సండర్లాండ్ వాళ్ళకి ఫుట్‌బాల్ ఎటూ రాదు. బింగో కూడా రాదన్నమాట!”

విల్ఫ్ వేళ్ళు దుప్పటిని పట్టుకున్నాయి.

“ఏదీ, నన్నూ చూడనీ” బ్రాన్వెన్ మెడ చాచింది.

కెల్సీ చప్పున ఫోన్ తిప్పేసుకుంది. “వద్దు సిస్టర్! ఇంకొకళ్ళ కన్ను పడితే ఉన్న కాస్త అదృష్టం కూడా పోతుంది. ఉండండి, అంకెలు పడుతున్నాయి. నలభై ఏడు. ఎనభై ఎనిమిది. పదకొండు.”

పద్దులు చదివినట్టు చదువుతోంది. పదకొండు అనగానే విల్ఫ్ పెదాలు ఈల వెయ్యబోయినట్టు సున్నాలా ముడుచుకున్నాయి. ఉత్త గాలి వచ్చింది. కెల్సీ చూసీ చూడనట్టే మళ్ళీ ఫోన్‌లోకి తల వంచింది.

“ఇంకొక్క అంకె వస్తే గెలుపు నాదే... అరవై ఆరు! అయ్యో, నాది కాదు. అయిపోయింది, ఎవరో కొట్టేశారు. ఎవరనుకున్నారు? ఆ న్యూకాసిల్ ఆవిడే! ఐదోసారి!”

“అది మా దెబ్బ!” నార్మన్ చప్పట్లు కొట్టాడు.

“ఊరుకుందా ఆవిడ? అందరికీ కనిపించేలా రాస్తోంది కూడా. ‘సండర్లాండ్ వాళ్ళు బింగో మానేసి ఊలు అల్లుకోండి. మీ ఊళ్ళో అంకెలు సరిగ్గా పిలవడం వచ్చినవాడు ఒక్కడూ పుట్టలేదు’ అంట!”

నార్మన్ పగలబడి నవ్వాడు.

మంచం కిర్రుమంది. విల్ఫ్ మొహం ఎర్రబడింది. మెడ నరాలు తాళ్ళలా పొంగాయి.

“అ... అబ...”

నార్మన్ నవ్వు సగంలో ఆగిపోయింది.

“అబద్ధం!”

వార్డు ఆ చివరి దాకా వినిపించింది. బ్రాన్వెన్ పేపర్ కింద పడేసి “డాక్టర్! డాక్టర్!” అంటూ పరుగెత్తింది. నార్మన్ దుప్పటి అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు.

కెల్సీ తండ్రి చేతిని తన చెంపకు అదుముకుంది.

“అవును నాన్నా, అబద్ధమే” అంది ఏడుస్తూ, నవ్వుతూ.

ఆ ఫోన్లో అసలు బింగో ఆటే లేదు.