ఆపి ఉంచిన కుర్చీ

"ఈ దరఖాస్తు మీద నేను సంతకం పెట్టను పెద్దమ్మా."

టీచరమ్మ కాగితాన్ని బల్ల మీద వెనక్కి జరిపింది.

సాయంత్రం బడి వదిలేశారు. దర్జీ, తాపీమేస్త్రీ, ఇద్దరు లారీ డ్రైవర్లు పదో తరగతి పరీక్షకు దరఖాస్తులు ఇచ్చేసి వెళ్లిపోయారు. మిగిలింది ఆఖరి బెంచీ పెద్దమ్మ ఒక్కతే.

అరవై దాటిన మనిషి. అట్టపెట్టెల కంపెనీలో పని. వేళ్ల నిండా అట్ట అంచులు కోసిన గీతలే. నోటుపుస్తకం చేతిలో పెట్టినా సరే, లెక్కలు మాత్రం అట్టముక్కల మీదే చేస్తుంది.

"నేనేం తప్పు చేశానమ్మా?"

"లెక్కల్లో మూడుసార్లు పరీక్ష పెట్టాను. పన్నెండు, పద్దెనిమిది, ఇరవై రెండు. ముప్పై అయిదు వస్తే గానీ గట్టెక్కరు."

"పెరుగుతున్నాయి కదా!" పెద్దమ్మ నవ్వింది.

టీచరమ్మకు నవ్వు రాలేదు.

"మీకు ఆన్సరు రైటే వస్తుంది. ఎలా వచ్చిందో చూపే మెట్లే వెయ్యరు. మెట్లు లేకపోతే మార్కులెక్కడివి?"

"ఇంట్లోకి వచ్చేశాక మళ్లీ వీధిలోకెళ్లి, ఎలా వచ్చానో చూపించమంటే ఎలాగమ్మా? పెట్టె చూడగానే ఎంత అట్ట పడుతుందో నా కళ్లే చెప్పేస్తాయి."

"కళ్లకి మార్కులు వెయ్యరు."

మాట కటువుగా వచ్చిందని టీచరమ్మకే తెలిసింది. కానీ ఆమె బాధ ఆమెది. సొరుగులోంచి ఒక ఉత్తరం తీసింది. ఈ బడిని నడిపేది ఆ అట్టపెట్టెల కంపెనీ వాళ్ల ట్రస్టే.

"మన ఫలితాలు చూసి మరో నలభై ఊళ్లలో ఇలాంటి బళ్లు పెడతారట. ఒక్కరు తప్పినా నూటికి నూరు పోతుంది. మీ ఒక్కరి సరదా కోసం నలభై ఊళ్లవాళ్ల నోట్లో మట్టి కొట్టమంటారా?"

పెద్దమ్మ మొహంలో నవ్వు మాయమైంది.

"నూటికి నూరు రాకపోతే పెట్టరని రాశారా అందులో?"

"అలా రాస్తారా ఎవరైనా? పెద్దవాళ్ల సంగతి మీకు తెలీదు. మీ కంపెనీ పెద్దమేడమ్‌నే చూడండి. ముప్పయ్యేళ్లుగా ఇంతమందిని చదివిస్తోంది, ఒక్క బడి గడపైనా తొక్కిందా? వేడుక ఏదైనా ఆ మేనేజరే వస్తాడు. ఎంత గర్వం!"

"గర్వం కాదేమో. భయమేమో."

"ఆవిడకి భయమా!"

"చదువుకున్నవాళ్ల ముందు నిలబడి మాట్లాడాలంటే ఉండదూ?"

పెద్దమ్మ కాగితాన్ని మళ్లీ ముందుకు జరిపింది.

"ఫెయిలైతే ఫెయిలవుతాను. అసలు కూర్చోనే వద్దనకండి. చిన్నప్పుడు ఒకసారి అలాగే అన్నారు. బడి గుమ్మంలోంచే తిరిగొచ్చేశాను. మళ్లీ గుమ్మం దాకా రావడానికి యాభై ఏళ్లు పట్టింది."

టీచరమ్మకు సిగ్గేసింది. ఆనాడు గుమ్మంలో అడ్డం నిలబడ్డ మనిషికీ తనకీ తేడా ఏముంది? ఇంకేం ఆలోచించకుండా సంతకం పెట్టేసింది.

"రేపట్నుంచి గంట ముందు రండి. మెట్లు నేర్పకుండా వదలను."

"వస్తాను. తిట్టకూడదు మరి."

"తిడతాను."

"సరే, తిట్టండి."

తిట్టింది కూడా. వారం రోజులు తిట్టినా మెట్లు రాలేదు. ఎనిమిదో రోజు విసుగొచ్చి, మూలనున్న అట్టపెట్టెను విప్పి నేల మీద పరిచింది.

"మడతలు పెట్టకుండా ఇది పెట్టె అవుతుందా?"

"ఎలా అవుతుంది?"

"ముందు మడత వదిలేసి వెనక మడత పెడితే?"

"నిలబడదు."

"లెక్కా అంతే. ఒక్కో మెట్టూ ఒక్కో మడత."

పెద్దమ్మ ఆ అట్టను ఒక్కో మడతా పెట్టి చూసింది.

"ఈ ముక్క మొదటిరోజే చెప్పొచ్చు కదమ్మా!"

ఫలితాలు వచ్చిన సాయంత్రం దర్జీ ఈల వేశాడు. తాపీమేస్త్రీ టీచరమ్మ కాళ్లకు దణ్ణం పెట్టబోయాడు. అందరూ పాస్. పెద్దమ్మకు లెక్కల్లో ముప్పై ఆరు.

"ఒకటి మిగిలింది కూడా టీచరమ్మా!"

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నవ్వారు, ఏడ్చారు.

నలభై బళ్లూ ఒకేసారి ప్రారంభించే సభకు పిలుపు వచ్చింది.

"మీరు రాకపోతే ఊరుకోను. నా పక్కన కుర్చీ ఆపి ఉంచుతాను" అంది టీచరమ్మ.

"ఆపండి. కాస్త ఆలస్యమైనా వస్తాను."

సభ కిటకిటలాడింది. టీచరమ్మకు మూడో వరసలో చోటు దొరికింది. పక్క కుర్చీలో తన సంచీ పెట్టింది. ముగ్గురు వచ్చి అడిగారు.

"ఎవరైనా ఉన్నారా ఇక్కడ?"

"ఉన్నారు. నా స్టూడెంటు" అని ముగ్గురికీ గొప్పగా చెప్పింది.

మేనేజరు మైకు అందుకున్నాడు.

"ఇన్నేళ్లూ మా పెద్దమేడమ్‌కి బదులు నేనే మాట్లాడాను. పదో తరగతి పాసయ్యేదాకా ఏ బడి వేదికా ఎక్కనని ఆవిడ పంతం. ఇవాళ ఎక్కుతున్నారు!"

హాలు హాలంతా లేచి నిలబడింది. ముందు వరసలవాళ్ల వీపులు తప్ప టీచరమ్మకు ఏమీ కనిపించలేదు. అయినా ఆమె చూపు వేదిక మీద లేదు, గుమ్మం మీదే ఉంది. ఇంత మంచి మాట వినకుండా ఈ పెద్దమ్మ ఎక్కడ ఆగిపోయిందో!

చప్పట్లు సద్దుమణిగాక, మైకులోంచి బాగా తెలిసిన గొంతు పలికింది.

"టీచరమ్మా, ఆ కుర్చీలోంచి సంచీ తియ్యకండి, రెండు ముక్కలు మాట్లాడేసి వచ్చి కూర్చుంటాను."