చేపల తొట్టిలో నాలుగు కాళ్లు

“దుడ్లిచ్చి మనమే చేపలకు మేత కావాల్నా? నేను కాళ్లు పెట్టను పో!”

ప్రొద్దుటూరు ఎగ్జిబిషన్‌లో, ఫిష్ స్పా అంగడి ముందర బాలసుబ్బయ్య అడ్డం తిరిగాడు.

జమ్మలమడుగు నుంచి బస్సెక్కి వచ్చిందే దీనికోసం. గాజు తొట్టిలో కాళ్లు పెడితే చిన్న చిన్న చేపలు మూగి, మడమల మీది చచ్చిన తోలంతా కొరికేసి మెత్తగా చేస్తాయని లక్ష్మీకాంతమ్మ ఫోన్లో చూసింది. చూసిందగ్గర్నుంచీ మొగుణ్ని నిలవనీయలేదు.

“భయమని చెప్పరాదా?” అంది.

“భయమా? నాకా?”

“వంటింట్లో బల్లి పడితే మంచమెక్కేది ఎవురు మల్ల?”

అంగడి నడిపే మెహతాబ్ నవ్వాపుకోలేక మొహం పక్కకు తిప్పుకుంది. “పోనీలేమ్మా, అప్పను కుర్చీలో కూర్చోనీ. నువ్వు పెట్టు.”

“ఊహూ. ఇద్దరం పెడితేనే.” లక్ష్మీకాంతమ్మ విడిచిన చెప్పులు మళ్లీ తొడుక్కుంది. “పదయ్యా, ఊరికి పోదాం. నాకేం పెద్ద ఆశ లేదులే.”

ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖం చిన్నబోయింది. ఆ ముఖం ముందర బాలసుబ్బయ్య ఏనాడూ గెలిచింది లేదు.

“ఉండు, ఉండు. పెడతా. కానీ కండ్లు మూసుకుంటా. నువ్వు నా చెయ్యి ఇడిచిపెట్టగాకు.”

మెహతాబ్ ఇద్దరి కాళ్లూ కడిగి, ఏండ్ల తరబడి చెప్పుల్లేకుండా తిరిగి రాయిలా మొద్దుబారిన బాలసుబ్బయ్య పాదాలు గట్టిగా రుద్ది, పుండ్లేమన్నా ఉన్నాయేమోనని చూసి, తొట్టి గట్టు మీద పక్కపక్కన కూర్చోబెట్టింది. బాలసుబ్బయ్య పంచె పైకి లాక్కుని, కళ్లు గట్టిగా మూసుకుని, ఉరికంబం ఎక్కేవాడిలా కాళ్లు నీళ్లలోకి దించాడు. ఆ పక్కనే లక్ష్మీకాంతమ్మ.

అంతే, చేపలు మూగాయి.

“అమ్మో! ఓయమ్మో! అరికాళ్ల కిందికి దూరుతాండాయి!”

చక్కిలిగింతకు లక్ష్మీకాంతమ్మ ఎగిరెగిరి పడింది. కాళ్లు పైకి తీసింది, మళ్లీ పెట్టింది, కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వీ నవ్వీ కళ్లెంట నీళ్లు కారాయి. దోవన పోయేవాళ్లు ఆమె నవ్వు చూసి తామూ నవ్వుతూ నిలబడిపోయారు.

ఊపిరి తీసుకుని మొగుడి వైపు చూసింది. ఆయన పాదాలు కనబడటమే లేదు. బెల్లానికి చీమలు పట్టినట్టు పట్టాయి చేపలు. వేళ్ల సందుల్లో, మడమల మీద, అరికాళ్ల కింద, ఎక్కడ చూసినా అవే. ఆయన మాత్రం మూసిన కళ్లు తెరవకుండా, ఉలక్కుండా పలక్కుండా ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

“ఇట్ల కదలకుండా కూర్చున్నోళ్లను నేను యాడా చూళ్లేదమ్మా,” అంది మెహతాబ్. “అప్పది శానా గట్టి గుండె.”

“ఇన్యావా?” అంటూ బాలసుబ్బయ్య కళ్లు మూసుకునే మీసం దువ్వుకున్నాడు.

లక్ష్మీకాంతమ్మ నవ్వడం మానేసింది. పిరికోడు, పిరికోడు అని ఊరంతా నవ్వేటట్టు చెప్పుకుంది ఈయన గురించి. ఇప్పుడు తన ఒక్క సరదా కోసం పండ్లు బిగబట్టుకుని ఎంత ఓర్చుకుంటున్నాడు! ఆయన భుజానికి ఆనుకుని చెవిలో మెల్లగా చెప్పింది.

“చాలయ్యా. నాకోసం ఎంత ఓర్చుకుంటాండావో నాకు తెల్దా? ఇంగ తీసెయ్ కాళ్లు.”

బాలసుబ్బయ్య ఆమె చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

“అప్పుడే తీసేదేంది కాంతా? ఒక్క చేపన్నా నా కాళ్ల కాడికి రానీ. వచ్చేటప్పుడు మాత్రం ముందే చెప్పు!”