అడుగున నాలుగు ముక్కలు

వసుమతి చేతి ఆఖరి ఆవకాయను దామోదర్ నాశనం చేశాడు. అందులో వాదించడానికేమీ లేదు. ఖాళీ సీసా రామమోహన్ చేతిలో ఉంది. అందులో ఉండవలసింది దామోదర్ పెనం మీద, కోడిగుడ్లలో కలిసిపోయి, ఎర్రగా చిటపటలాడుతోంది.

"మసక చీకట్లో మా ఇంటి సీసా అనుకున్నాను రామమోహన్ గారూ," అన్నాడు దామోదర్, గరిటె పట్టుకునే.

"నోట్లో పెట్టుకున్నాక కూడానా?"

"పెట్టుకున్నాక మరీ అనుకున్నాను."

"నీ నాలుక కూడా మసక చీకట్లోనే ఉందన్నమాట."

గుడారాలు విప్పుతున్న ఆఫీసు వాళ్ళంతా చేతులు ఆపి ఇటు చూశారు. సన్నీవేల్ నుంచి బయల్దేరిన గుంపు ఇది. పిల్లల ఆస్పత్రికి విరాళాల కోసమని సముద్రం పక్కనే సైకిళ్ళు తొక్కుతూ, రాత్రిళ్ళు గుడారాల్లో పడుకుంటూ ఇంతదూరం వచ్చింది. ఈ సాయంత్రానికి శాంటా బార్బరా చేరితే యాత్ర అయిపోతుంది. రామమోహన్ లెక్కలో వీళ్ళలో సైకిల్ తొక్కేవాడు తానొక్కడే. మిగతావాళ్ళు రంగురంగుల బనీన్లు తొడుక్కుని, చడావు కనపడగానే దిగి ఫొటోలు తీసుకునే రకం. దామోదర్ అయితే నిన్న సగం దారి సామాన్ల వ్యాన్‌లో కూర్చుని వచ్చాడు. వచ్చి, ఆకలేస్తోందన్నాడు.

టీమ్ లీడర్ అవని పరిగెత్తుకొచ్చింది. ఈ దేశంలోనే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు వచ్చు, తొందరపడితే జారిపోతుంది.

"అంకుల్, నా ఫాల్ట్. ఫుడ్ అంతా మెటల్ బాక్స్‌లో పెట్టండి అని నేనే చెప్పాను. టెంట్‌లో ఉంటే రకూన్స్ వచ్చి తినేస్తాయి కదా."

"రకూన్ తిన్నా ఇంత బాధపడేవాణ్ణి కాదమ్మా. అది గుడ్లలో కలిపేది కాదు."

"స్టోర్‌లో ఇంకోటి కొనొచ్చు కదా అంకుల్? నేను ఆర్డర్ చేస్తాను."

రామమోహన్ ఆ పిల్ల వంక జాలిగా చూశాడు.

"కొనే సరుకు కాదిది. మా ఆవిడ పోయి ఏడాది దాటింది. అడుగున నాలుగు ముక్కలు మిగిలితే, పెరుగన్నంలో రోజుకింత అంటించుకుంటూ లాక్కొస్తున్నాను. మీ నూడుల్సు తింటూ కూడా ఈ సీసా వదల్లేదు, ఎందుకనుకున్నావ్? ఆవకాయ పెట్టే రోజు వసుమతి మడి కట్టుకునేది. మగవాడి గాలి సోకకూడదని పొద్దున్నే నన్ను సైకిలెక్కించి తరిమేసేది. సాయంత్రం దాకా గడప తొక్కడానికి లేదు. ఈ తొక్కుడు నాకు అలా అబ్బింది. అంత నిష్ఠ."

"సో స్వీట్," అంది అవని మెల్లగా.

ఇంతలో దామోదర్ వ్యాన్‌లో వెతికి తన సీసా తెచ్చాడు. నిండుగా ఉంది, మూత తియ్యలేదు. రెండు చేతులతో పట్టుకుని ముందుకు చాపాడు.

"ఇది ఉంచుకోండి. మా దమయంతి పెట్టింది."

"పార్టీల్లో మీ ఆవిడ ఆవకాయ పక్కవాడి ప్లేట్‌లో చూశానయ్యా. చూడడమే ఎక్కువ."

"మీరెప్పుడూ రుచైనా చూడలేదు కదండీ."

"మురిక్కాలవ లోతు చూడాలంటే దిగక్కర్లేదు."

హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజంతా నీళ్ళ కోసం తప్ప ఎక్కడా ఆగలేదు. ఎదురుగాలి ముఖాన కొడుతుంటే కసిగా తొక్కాడు. తిరుగుప్రయాణం దామోదర్ వాళ్ళ కారులో చెయ్యకూడదనుకున్నాడు. ఇన్నేళ్ళుగా పండక్కీ పబ్బానికీ వెళ్ళే ఆ ఇంటి గుమ్మం ఇక ఎక్కకూడదనుకున్నాడు. గుమ్మడికాయ పొలాలు దాటేసరికి ఆ నిర్ణయం గట్టిపడిపోయింది.

శాంటా బార్బరాలో ముగింపు గీత దగ్గర కుటుంబాల వాళ్ళు గంటలు వాయిస్తున్నారు. సైకిళ్ళు వెనక్కి తీసుకెళ్ళడానికి దమయంతి కారేసుకుని వచ్చింది. పులిహోర డబ్బా చేత్తో పట్టుకుని ఎదురొచ్చింది.

"బాగా అలిసిపోయారు అన్నయ్యగారూ. కాస్త తినండి."

"అక్కర్లేదమ్మా. మీ ఇంటి మెతుకు ఇక ముట్టను." వెనకే వ్యాన్ దిగుతున్న దామోదర్‌ని వేలెత్తి చూపాడు. "మీ ఆయన వసుమతి ఆవకాయ గుడ్లలో కలిపి ఊరందరికీ పెట్టాడు. పెట్టి, దానికి బదులు మీ సీసా ఇవ్వబోయాడు. ఆవిడ చేతిదెక్కడ, మీదెక్కడ? ఆవిడ కాలి గోటికి సరిపోతారా మీరు?"

గంటలు ఆగాయి. అవని తల దించుకుంది. దామోదర్ ఏదో అనబోతే దమయంతి చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. భర్త దగ్గర్నుంచి సీసా తీసుకుని, మూత తీసి, రామమోహన్ చేతిలో పెట్టింది.

"ఒక్కసారి నాలుక మీద వేసుకోండి. తర్వాత ఎన్ని తిట్టినా పడతాను."

విసుగ్గా, ఈ పీడ వదిలించుకోవడానికే, వేలికొసతో కాస్త తీసి నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు మింగలేదు.

"వసుమతి వదిన నాతో ఒట్టు వేయించుకుంది," అంది దమయంతి. "మీరింత మాట అనకపోతే నేనూ బయటపెట్టేదాన్ని కాదు. ఆవిడకి ఆవఘాటు పడేది కాదు అన్నయ్యగారూ. ఏటా మిమ్మల్ని సైకిలెక్కించి, ఆ వెంటనే కారెక్కి మా ఇంటికొచ్చేది. నేను కలుపుతుంటే కూర్చుని కబుర్లు చెప్పేది. సాయంత్రం సీసా పట్టుకెళ్ళేది."

రామమోహన్ మూత బిగించాడు. సీసా తిరిగి ఇవ్వలేదు, తన సంచిలో పెట్టుకున్నాడు.

"ఈ మాట నా దగ్గర ఇంకెవరూ ఎత్తకండి," అన్నాడు. "నేను చచ్చేదాకా ఎత్తను."