పదిహేడో నంబరు సైకిలు

"ఆ పేరు సెరిపించండి సార్. ఆ యేడు గెలిసింది నేను."

ధనరాజు ఆ మాట అనేసరికి, నిచ్చెన మీద నిలబడి బోర్డు రాస్తున్న పరదేశి కుంచె ఆపి కిందికి చూశాడు.

తుమ్మపాల శివారులో, చెరుకు కొట్టేసిన మడుల్లో ఇంకో గంటలో జాతీయ సైక్లోక్రాస్ పోటీలు. సైకిలు మనిషిని మోయడం లోకంలో అందరూ చూసేదే. ఇందులో మనిషి కూడా సైకిలును మోస్తాడు. బురదలో తొక్కగలిగినంత తొక్కి, చక్రం దిగబడిన చోట దాన్ని భుజాన వేసుకుని పరిగెత్తాలి. ఆ పోటీల చరిత్రంతా ఇప్పుడు పెద్ద బోర్డు మీదికి ఎక్కుతోంది. పదేళ్ళు, పదిమంది విజేతలు. అన్నిటికన్నా పైన, మొదటి యేడు ఎదుట, కన్నబాబు పేరు.

సంఘం కార్యదర్శి దేవీప్రసాద్ విసుక్కోలేదు. ధనరాజుకి అదే ఆశ్చర్యం. పదేళ్ళుగా ఈ గోడు ఎవరి దగ్గర వెళ్ళబోసుకున్నా నవ్వి పంపేశారు. ఈయన మాత్రం కుర్చీ చూపించాడు.

"ఇన్నేళ్ళూ లేనిది ఇవాళ ఎందుకయ్యా తొందర?"

"మా తబితా ఈయేల పిల్లల పోటీలో దిగుతంది సార్. మా నాన్నే మొదటి ఛాంపియన్ అని బడంతా సెప్పుకుంది. మీ కరపత్రంలో పేర్లు సూసేరు పిల్లలు. అబద్ధాల తబితా అని పేరెట్టేరు. నిన్నట్నించీ దానికి అన్నం సయించట్నేదు."

"పోనీ, ఫొటో ఏదైనా ఉందా?"

ఉంది. జేబులోంచి తీసి ఇచ్చాడు. అందులో గీత దాటుతున్న మనిషి నెత్తి నుంచి మడమ దాకా బురదే. కళ్ళు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. దేవీప్రసాద్ నవ్వాడు.

"దీన్ని చూసి మీ అమ్మ కూడా నిన్ను పోల్చుకోలేదు ధనరాజూ. పైగా సైకిలుకి కట్టిన రేకు మీద పదిహేడు. అది కన్నబాబు నంబరు."

"సైకిలు ఆడిదే సార్! ఆకరి రౌండులో నా సైకిలు సైను తెగిపోయింది. ఈడు అప్పుటికే కాలు బెణికి గట్టు మీద కూకున్నాడు. 'బావా, నాదట్టుకుపో' అన్నాడు. అట్టుకుపోయేను, గెలిసేను. గీత కాడ రాసేవోళ్ళు మొకం సూడ్నేదు, రేకు సూసి రాసీసేరు. మొత్తుకున్నాను. కాయితం మీద పడిపోయింది, ఇంకేటీ సెయ్యలేం అన్నారు."

'ఈడు' అన్నది వెనకాల తల వంచుకుని నిలబడ్డ కన్నబాబుని. ఆ బావాబామ్మర్దుల వరస చుట్టరికంతో వచ్చింది కాదు, బురదలో కలిసి పొర్లాడితే వచ్చింది.

"నిజమేనా కన్నబాబూ?" అడిగాడు దేవీప్రసాద్.

"నిజమే సార్. నేను ఆస్పత్రి నించి వచ్చేసరికి కప్పు ఇంట్లో ఉంది. సుట్టాలందరూ సూసెల్లిపోనారు. తిరిగిచ్చీడానికి మనసొప్పలేదు." కన్నబాబు బోర్డు మీది తన పేరు వైపు చూశాడు. "పదేళ్ళు అరువు పేరు మోసేను. సిగ్గుగా ఉంది. సెరిపీండి."

ధనరాజు అతని భుజం మీద చెయ్యి వేశాడు. పదేళ్ళ కోపం ఆ ఒక్క మాటకే కరిగిపోయింది.

"ఇంకేం మరి! ఇద్దరూ రాసివ్వండి," అంటూ దేవీప్రసాద్ తనే తెల్ల కాగితం, పెన్ను తెచ్చి ముందు పెట్టాడు. "వివరంగా రాయాలి. ఎవరు, ఎవరికి, ఏ క్లబ్బు సైకిలు ఇచ్చారు, అంతా."

"నాది తుమ్మపాల క్లబ్బు. ఆడిది సబ్బవరం," అన్నాడు ధనరాజు.

"ఆ ముక్క కూడా రాయి. మర్చిపోకు. నేనూ ఆ పోటీలో ఉన్నవాడినే కదా, నీ వెనకాలే వచ్చాను. చరిత్రంటే నిజం ఉండాలయ్యా."

ఎంత మంచి మనిషి అనుకున్నాడు ధనరాజు. కళ్ళు చెమర్చాయి. జరిగిందంతా రాసి సంతకం పెట్టాడు. పక్కన కన్నబాబు పెట్టాడు. దేవీప్రసాద్ పైకి చూసి సైగ చేశాడు. పరదేశి కిరసనాయిలు గుడ్డతో కన్నబాబు పేరు తుడిచేశాడు.

అప్పుడే తబితా సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. వెంట బడి పిల్లలు నలుగురు.

"నాన్నా, రాత్తన్నారా?"

"రాత్తన్నారమ్మా. సూడు."

తబితా ఆ పిల్లల వైపు గర్వంగా తిరిగింది. నలుగురూ మెడలు ఎత్తి బోర్డు చూస్తూ నిలబడ్డారు.

దేవీప్రసాద్ కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ధనరాజూ, నియమాల పుస్తకం ఎప్పుడైనా చూశావా? వేరే క్లబ్బు సైకిలెక్కినవాడు పోటీలో లేనట్టే. తన సైకిలు ఇచ్చేసినవాడూ లేనట్టే. ఇద్దరూ మీ చేత్తోనే రాసిచ్చారు."

కన్నబాబు బోర్డు మీది ఖాళీని చూస్తూ ఉండిపోయాడు.

"మరి ఈ మొదటి వరసలో ఎవలి పేరు రాయమంతారు సార్?" నిచ్చెన మీంచి అడిగాడు పరదేశి.

"ఆ యేడు రెండో స్థానంలో వచ్చినవాడిది," అన్నాడు దేవీప్రసాద్, చొక్కా సర్దుకుంటూ. "నాది."