బండి ఆపిందెవరు?

"దొంగలు! మీరంతా దొంగలే! ఒకడు తీశాడు, మిగతావాళ్లు నోళ్లు కుట్టేసుకుని కూర్చున్నారు!"

ప్రొడక్షన్ మేనేజరు అరుపుకి పట్టాల పక్కన కూర్చున్న నలభై మంది తలెత్తారు. వాళ్ల వెనక సినిమా కోసం అద్దెకు తెచ్చిన రైలు కదలకుండా నిలబడి ఉంది. కథలో ఆ రైలును దుండగులు హైజాక్ చేస్తారు. దాన్ని ఆపడానికి హీరోకి రెండున్నర గంటలు పడుతుంది. ఇక్కడ ఎవరో ఇంజన్లోంచి జానెడు హ్యాండిల్ పీకేసి చిటికెలో ఆపేశారు.

"అది లేకపోతే కదలదా?" మేనేజరు డ్రైవరు మీదికి వెళ్లాడు.

"కదలదు సార్. ముందుకా వెనక్కా అని ఇంజనుకి చెప్పేది అదే. టీకి దిగినప్పుడు ఉంది, ఎక్కేసరికి లేదు."

"దిగేటప్పుడు జేబులో వేసుకోవాలని తెలీదా?"

"ముప్పై ఏళ్లు వేసుకున్నాను సార్. ఇవాళే మర్చిపోయాను."

"ఇంకోటి లేదా?"

"డిపోలో ఉంటుంది. వస్తే రేపటికి."

"నా మొదటి అనుమానం నీ మీదే!"

"వెతుక్కోండి." డ్రైవరు చేతులు పైకెత్తాడు. జేబుల్లో కళ్లజోడు, రుమాలు తప్ప ఏమీ లేవు.

రెండో అనుమానం నీడ మీద. హీరోకి బదులు దూకేది అతనే కాబట్టి అందరూ నీడ అనే పిలుస్తారు. ఈ సాయంత్రం పొద్దు వాలే వెలుగులో, పరుగెత్తే పెట్టె మీంచి పక్కన పోసిన ఇసుకలోకి దూకాలి. వల లేదు. వల బండి పొద్దుటినుంచీ గేటులోనే ఉంది. కట్టడానికి మూడు గంటలు పడుతుందని మేనేజరే దాన్ని లోపలికి రానివ్వలేదు. "ఇసుక చాలు" అన్నాడు. పోయిన సినిమాలోనూ ఇసుక చాలన్నది ఈయనే. ఆ ఇసుకలో పడ్డవాడు ఇప్పటికీ మంచం దిగలేదు.

"భయమేసి దాచావు కదరా?"

"భయమే సార్. కానీ ఇవాళ నేను దూకకపోతే రేపు ఇంకొకణ్ణి తెచ్చి దూకిస్తారు. దాచి నాకేం లాభం?"

అతని సంచి బోర్లించారు. మోకాళ్లకు చుట్టుకునే గుడ్డలు, నొప్పి మందు సీసా దొర్లాయి. అంతే.

మూడో అనుమానం నీడ అక్క మీద. ఆ యూనిట్లో బట్టలు కుట్టేది ఆమే. వల లేకుండా తమ్ముణ్ణి పైకి ఎక్కనివ్వనని నిన్న మేనేజరుతో పెద్ద గొడవ పెట్టుకుంది.

"నిన్న అంత ఎగిరావు. ఇవాళ పిల్లిలా కూర్చున్నావేం?"

"నిన్న అరిచి చూశాగా సార్. ఏం ఒరిగింది?"

"పెట్టె తియ్యి!"

దారపు ఉండలు, గుండీల డబ్బా, కత్తెర. హీరోకి ఆరు చొక్కాలు, అచ్చం అవే నీడకి ఇంకో ఆరు. మేనేజరు ఒక్కొక్కటీ విదిలించాడు.

"పొద్దున టీ వేళ మీ సంచి తెగిందని నా చేతికే ఇచ్చారు. అప్పుడు దొంగలా కనపడలేదా?" అంది అక్క.

"అదీ ఇదీ ఒకటేనా?"

"పట్టీయే కాదు, అడుగు గుడ్డ కూడా చిరిగిపోయింది. మందపాటి దారంతో కుట్టాను. ఎంత బరువైనా మోస్తుంది."

"నీ కుట్టు గొప్పలు తర్వాత వింటాలే!"

టీ పిన్ని డ్రమ్ము మూత తీసి పట్టుకుంది. "ఇందులో కూడా చెయ్యి పెట్టి చూడండి బాబూ. ఇప్పుడే మరిగింది."

అందరూ గొల్లుమన్నారు.

"నవ్వండి, నవ్వండి! గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకునేవాడు ఇప్పుడే బయటపడతాడు!" మేనేజరు సంచిని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుని, నొప్పెట్టిన చోట రుద్దుకున్నాడు.

ఒక కాగితం తీసుకుని పెద్ద అక్షరాలతో రాశాడు. 'హ్యాండిల్ ఎవరి సంచిలో దొరికితే వారే దొంగ. ఏ సాకూ చెల్లదు.'

"అందరూ సంతకం పెట్టాలి!"

"మొదట మీరు పెడితే మేమూ పెడతాం సార్," అన్నాడు డ్రైవరు.

"నాకేం భయం?" మేనేజరు బరబరా గీకేశాడు. ఆ కింద నలభై సంతకాలు పడ్డాయి. ఒక్కరూ తటపటాయించలేదు. నలభై జతల కళ్లు ఆయన ఎటు నడిస్తే అటు తిరుగుతున్నాయి.

హ్యాండిల్ రైల్వే సొత్తు, తీసినవాడికి జైలే. మేనేజరు అంతకుముందే రైల్వే భద్రతాధికారికి ఫోన్ చేసి రమ్మన్నాడు. ఇప్పుడు మళ్లీ చేసి కాగితం సంగతి గొప్పగా చెప్పాడు.

"భేష్," అన్నాడు అధికారి. "ఆ సంతకాల వరసలోనే అందరి సంచులూ విప్పిస్తాను. గేటు దాకా వచ్చేశాను. ఇక్కడ ఏదో వల బండి అడ్డంగా ఉంది. తీయించండి."

"ఇప్పుడే తీయిస్తాను సార్!" మేనేజరు ఫోన్ పెట్టేసి వెలిగిపోతున్న మొహంతో అందరి వైపూ చూశాడు. "వచ్చేశారు. ఇంక రెండు నిమిషాల్లో మీ బతుకు తేలిపోతుంది! ఎవడ్రా అక్కడ, ఆ వల బండిని వెనక్కి పొమ్మనండి!"

ఎవరూ లేవలేదు. అక్క ఒక్కతే లేచింది. చేతిలో కత్తెర ఉంది. కుట్టు ఊడిందేమో చూస్తున్నట్టు ఆయన సంచి పట్టీ పట్టుకుని, ఆయన ఒక్కడికే వినపడేలా చెప్పింది.

"దాన్ని లోపలికి పిలిచి వల కట్టించండి సార్, హ్యాండిల్ మీ సంచి అడుగునే ఉంది."