ఊ కొట్టే మనిషి

"కాస్త జరుగు నాయనా!" అని అల్లుణ్ణి మోచేత్తో నెట్టి, అత్తగారు లేచి గోడవారగా ఉన్న బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

అల్లుడికి తల కొట్టేసినట్టయింది.

అతను కూరగాయల మార్కెట్లో సరుకు వేలం వేస్తాడు. అందరూ మైకు అంటారు. అతను నోరు తెరిస్తే పచ్చి టమాటాలు కూడా సిగ్గుపడి ఎర్రబడేవి. పైన ఎగిరే కాకి ఆగి, తనూ ఓ పాట పెంచి, మరీ వెళ్ళేది.

అంతటివాడి భార్య కడుపులో గడ్డతో ఆసుపత్రిలో పడుంది. ఆపరేషన్ ఇవాళో రేపో అంటున్నారు.

బంధువులు కూర్చునే హాల్లో మైకు ఊరుకుంటాడా? ఎవరికి ప్రార్థన కావాలన్నా తనే చేసిపెట్టేవాడు.

"దేవుడా! ఈ తల్లి కొడుకు ఎలాంటి కొడుకు! మేలిమి సరుకు! నీ మార్కెట్టంతా వెతికినా ఇంకోటి దొరకదు! వదులుకుంటావా?"

జనం కళ్ళు తుడుచుకునేవాళ్ళు. "మావాడిక్కూడా ఒకటి చెయ్యి మైకన్నా" అని వరసలో నిలబడేవాళ్ళు. మైకు కాలర్ సర్దుకునేవాడు.

ఇదంతా ఆ కొత్తమనిషి వచ్చేదాకా.

బక్కపల్చటి మనిషి. గోడవారన బల్ల మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, ఉండుండి "ఊ" అంటాడు. అంతే.

మొదట ఓ ముసలామె, చోటుంది కదా అని పక్కన చేరింది.

"నా కూతురు..." అని తనలో తనే గొణుక్కుంది.

"ఊ" అన్నాడతను.

"నిన్నట్నుంచీ కళ్ళు తెరవలేదు."

"ఊ."

ముసలామె గొంతులో అడ్డం తీసేసినట్టయింది. మనసులో ఉన్నదంతా దేవుడికి చెప్పుకుని, ఏడ్చి, తేలికపడి లేచింది.

మర్నాటికి ఆ బల్ల మీద చోటు లేదు. ఆఖరికి ఇవాళ సొంత అత్తగారు కూడా!

మైకు వెనకాలే వెళ్ళాడు.

"ఏం అత్తయ్యా, నా ప్రార్థన చేదైందా?"

"నువ్వు చేస్తే వినడానికి బాగుంటుంది నాయనా. ఇక్కడైతే నాకే మాటలు వస్తున్నాయి."

"ఊ అంటే వచ్చేస్తాయా? ఊ అని గేదె కూడా అంటుంది!"

"దాని పక్కన చోటుంటే చెప్పు, అక్కడా కూర్చుంటాను."

హాలంతా గొల్లుమంది. కొత్తమనిషి నవ్వలేదు సరికదా, కళ్ళు కూడా తెరవలేదు.

"పొగరు చూడు" అని పళ్ళు నూరుకున్నాడు మైకు. గడ్డ భార్య కడుపులో ఉందో తన కడుపులో ఉందో తెలియనంత మంట.

ఆ సాయంత్రం తనూ ఓ బల్ల చూసుకుని, కళ్ళు మూసుకుని, "ఊ... ఊ... ఊ..." అన్నాడు.

ఎవరూ రాలేదు. నేల తుడిచే ఆయమ్మ మాత్రం ఆగింది.

"గొంతు పట్టేసిందా అన్నా? ఉప్పునీళ్ళు పుక్కిలించు."

మర్నాడు భార్యని ఆపరేషన్‌కి తీసుకెళ్ళారు. మధ్యాహ్నం డాక్టరమ్మ బయటికొచ్చింది.

"అనుకున్నంత సులువుగా లేదండీ. రక్తం బాగా పోయింది. మా ప్రయత్నం మేం చేస్తున్నాం."

తలుపు మూసుకుంది.

మైకు గోడవైపు తిరిగి చేతులు జోడించాడు.

"దేవుడా! నా భార్య ఎలాంటి భార్య! మేలిమి సరు..."

ఛీ అనుకున్నాడు. మళ్ళీ మొదలెట్టాడు. నోటికి వేలంపాట తప్ప ఇంకోటి రావడం లేదు.

"నా పెళ్ళాం... ఒకటోసారి... రెండోసారి..."

గబుక్కున రెండు చేతులతో నోరు నొక్కుకున్నాడు. మూడోసారి అన్నాడంటే సరుకు చెయ్యి దాటిపోయినట్టే!

కాళ్ళు వాటంతటవే ఆ బల్ల దగ్గరికి లాక్కెళ్ళాయి. అత్తగారు జరిగి చోటిచ్చింది.

"నాకు... మాట రావడం లేదు" అన్నాడు మైకు.

"ఊ."

"భయంగా ఉంది."

"ఊ."

"అది ఏదన్నా చెప్పబోతే తర్వాత చెప్పు అంటాను. ఎప్పుడూ అంతే. కడుపులో నొప్పి అన్నప్పుడు కూడా అలాగే అన్నాను."

"ఊ."

"దేవుడా, దాన్ని నాకిచ్చెయ్. వింటాను. ఏం చెప్పినా వింటాను."

"ఊ."

భోరుమన్నాడు. అత్తగారు చెంగుతో అతని మొహం తుడిచింది.

సాయంత్రం డాక్టరమ్మ నవ్వుతూ వచ్చింది. గండం గడిచింది.

మర్నాడు పొద్దున్నే మైకు రెండు గ్లాసుల టీ పట్టుకుని హాల్లోకి వచ్చాడు. ఒకటి తనకి, ఒకటి ఆ మనిషికి. నిన్ను చూసి కుళ్ళుకున్నానయ్యా అని చెప్పేసుకుందామని.

బల్ల ఖాళీగా ఉంది. ఆయమ్మ తడిగుడ్డతో తుడుస్తోంది.

"ఇక్కడుండే ఆయనేడీ?"

"వెళ్ళిపోయాడన్నా. భార్యని తీసుకుని."

"నయమైందా ఆవిడకి?"

ఆయమ్మ తల అడ్డంగా ఊపింది. "రాత్రే పోయింది."

మైకు గ్లాసులు రెండూ బల్ల చివర పెట్టేశాడు.

"అందరం మా గోలే ఆయన దగ్గర వెళ్ళబోసుకున్నాం. నీకేం కష్టమయ్యా అని ఒక్కళ్ళం అడగలేదు."

"అడిగినా ఆయనకి వినపడదన్నా, పుట్టుచెవుడు, మాటా రాదు, నోట పలికేది ఆ ఒక్క ఊ, వాళ్ళావిడని బతికించమని పాపం దాంతోనే దేవుణ్ణి అడుక్కున్నాడు."