మూడో మాట

ఆ ఆదివారం కూడా పెద్దాయన లేచి నిలబడ్డాడు.

ముందు వరసలో ఉన్న నర్సు పక్కావిణ్ణి మోచేత్తో పొడిచింది. "ప్లీడరు తాత మొదలెట్టాడు."

మసీదు మేడమీది హాల్లో వారం వారం జరిగే ఖురాన్ క్లాసు అది. చెప్పేది కాలేజీలో అరబ్బీ బోధించే లెక్చరరు. పాత వ్యాఖ్యానాల పక్కన ఈ కాలపు పండితులు రాసినవి కూడా పెట్టి, ఒక్కో వాక్యాన్నీ కొత్తగా చదివిస్తుంది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. తలుపు దగ్గరి కుర్చీలో కూర్చునే ఈ పెద్దాయన ఎవరో క్లాసులో ఎవరికీ తెలియదు. అడ్డు ప్రశ్నలు వేస్తాడని ఆ పేరు పెట్టుకున్నారు.

మసీదు కమిటీలో సగం మందికి ఈ క్లాసు గిట్టదని లెక్చరరుకు తెలుసు. ఈయన్ను పంపింది వాళ్లేనని ఆమె అనుమానం.

"అమ్మా, ఆ మూడో మాటకు మీరు చెప్పిన అర్థం ఎప్పట్నుంచి ఉంది?"

"పోయిన వారం కూడా ఇదే అడిగారు."

"అడిగాను. నాకు సరిగా ఎక్కలేదు."

కాపురంలో పొరపొచ్చాలు ముదిరితే భర్త ఏం చేయాలో చెప్పే వాక్యం గురించి ఆయన అడుగుతున్నాడు. మొదట నచ్చజెప్పమంది. తర్వాత పడక వేరు చేయమంది. మూడో మాటకు 'కొట్టండి' అని తరతరాలుగా అర్థం చెబుతున్నారు. అదే క్రియ ఖురాన్‌లో వేరేచోట ప్రయాణమై వెళ్లడానికి వాడారు కాబట్టి, ఇక్కడ 'ఎడంగా ఉండండి' అని చదవాలని ఈ కాలపు వాళ్లు కొందరు వాదిస్తున్నారు. లెక్చరరు ఆ వాదన చెప్పినప్పట్నుంచీ పెద్దాయన దాన్ని వదలడం లేదు.

"మాట మొదట్నుంచీ ఉన్నదే కదండీ," అంది ఆమె.

"మాట సరే. నేనడిగేది ఆ అర్థం సంగతి. ఓ ముప్పై ఏళ్ల కిందట చదువుకున్నవాడెవడైనా వెతికాడనుకోండి. దొరికేదా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

లెక్చరరుకు ఒళ్లు మండింది. ఇదంతా కల్పనేనని పదిమందిలో తన నోటితోనే చెప్పించాలని చూస్తున్నాడు. కొత్తదేనని ఒప్పుకుంటే కమిటీకి అది చాలు. హాలుకు తాళం పడుతుంది.

"ఎందుకు దొరకదు?" అంది. "నిఘంటువు తిరగేస్తే ఎవరికైనా దొరికేది. ఎవరూ దాచిపెట్టలేదు. వెతకనివాళ్లదే తప్పు. కొట్టమంటే వాళ్లకు వీలుగా ఉంది, అందుకే వెతకలేదు."

ఆడవాళ్ల మొహాలు వెలిగాయి.

పెద్దాయన కూర్చోబోయి ఆగిపోయాడు. కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"మంచిదమ్మా," అన్నాడు. తలుపు బయట చెప్పులు తొడుక్కుని, గోడ పట్టుకుంటూ మెట్లు దిగిపోయాడు.

"భలే నోరు మూయించారు మేడమ్," అంది నర్సు.

ఇల్లు చేరేదాకా లెక్చరరుకు గెలిచినట్టే ఉంది. గిన్నెలు తోముతుంటే ఆయన ప్రశ్న మళ్లీ గుర్తొచ్చి, తోమిన గిన్నెనే మళ్లీ తోమింది.

"ఏమైందే అలా ఉన్నావు?" అంది తల్లి.

"ఒకాయనకు అబద్ధం చెప్పానమ్మా."

"ఎందుకు?"

"నెగ్గాలని."

అవును, అబద్ధమే. ముప్పై ఏళ్ల కిందట ఆ అర్థం ఎవరికీ దొరికేది కాదు. ఆ వాదన ఈమధ్య పుట్టింది. ప్రయాణమనే అర్థం రావాలంటే ఆ క్రియ పక్కన ఇంకో చిన్న మాట ఉండాలి, ఈ వాక్యంలో అది లేదు అంటూ ఆధునికుల్లోనే చాలామంది ఆ వాదనను ఒప్పుకోరు. కాలేజీలో పిల్లలకు ఆ సంగతి ఆమే చెబుతుంది. హాల్లో మాత్రం పంతానికి పోయి, ఇంకా తేలని దాన్ని తేలిపోయినట్టు చెప్పింది.

మరుసటి ఆదివారం అందరి ముందూ సరిదిద్దుకోవాలనుకుని వెళ్లింది. తలుపు దగ్గరి కుర్చీ ఖాళీగా ఉంది. తర్వాతి ఆదివారమూ అంతే.

క్లాసు ముగిశాక కింద కార్యదర్శి గదికి వెళ్లింది. ఆయన మైకు వైరు చుట్టుకుంటున్నాడు.

"తలుపు దగ్గర కూర్చునే పెద్దాయన రావడం లేదు. ఇల్లెక్కడండీ? ఆయనకు ఒక మాట తప్పు చెప్పాను. వెళ్లి సరిగ్గా చెప్పి వస్తాను."

కార్యదర్శి తలెత్తాడు.

"మీకు తెలియదా అమ్మా? పోయారు. క్లాసునుంచి వచ్చి మంచమెక్కినవారు మళ్లీ లేవలేదు. మందులు కూడా వద్దన్నారట."



"కమిటీ పంపితే వస్తున్నారనుకున్నాను," అంది లెక్చరరు.

"కమిటీయా? మీ క్లాసు వద్దే వద్దని వాళ్లు పట్టుబడితే, ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి బతిమాలింది ఆయనే. ఆ హాలు మీకు ఆయన పుణ్యమే."

"మరి నేనేం చెప్పినా నమ్మేవారు కాదే?"

"నమ్మకపోవడమేంటి? మీరు చెప్పిందే ఖాయమనేవారు. మీ మాట మీదే ప్రాణం పెట్టుకుని ఉన్నారు."

కార్యదర్శి వైరు బల్లమీద పెట్టేశాడు.

"ముప్పై ఏళ్ల కిందట ఆయన వేరే ఊరి మసీదులో ఇమాంగా ఉండేవారు. మొగుడు కొడుతున్నాడని పుట్టింటికొచ్చిన ఒక్కగానొక్క కూతురికి ఆ వాక్యమే చదివి వినిపించి, తనే వెంటబెట్టుకెళ్లి ఆ ఇంట్లో దింపి వచ్చారు. మళ్లీ ఆ పిల్ల మొహం ఆయన చూసింది ఖననం నాడే."